ఈ పచ్చ ఎవరి చెయ్యి

పొద్దున్నుంచి భూలక్ష్మికి ఒకటే పని. చిలుకకు రంగు పూస్తుంది, దూరం జరిగి చూస్తుంది, పళ్ళు నూరుతుంది, తడిగుడ్డతో తుడిచేస్తుంది. మళ్ళీ పూస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు చిలుకైతే రాలేదు గానీ, కళ్ళలోకి నీళ్ళు మాత్రం వచ్చాయి.

పటంలో మిగతావన్నీ చక్కగా కుదిరాయి. పోచమ్మ తల్లి పసుపు ముఖంతో గద్దె మీద కూర్చుంది. ఆమె అన్నదమ్ములు తెల్లగుర్రాలెక్కి అడవి దారి పట్టారు. వాళ్ళ పక్కన నీలంగా ఏరు పారుతోంది. వీటన్నిటి చుట్టూ, వేలెడు సందు లేకుండా, నిండుగా ఎరుపు. ఆ ఎర్రటి నేల మీద, అమ్మవారి చేతి నుంచి ఎగిరి అన్నలకు కబురు మోసుకుపోయే చిలుక ఒక్కటే, పెళ్ళింట్లో అలిగి కూర్చున్న వియ్యపురాలిలా, ఎంత బతిమాలినా కలవనంటోంది.

అది ఓదెలయ్య ఇల్లు. ఆ చుట్టుపక్కల పటాలు రాసే ఇల్లు అదొక్కటే. పొడవాటి గుడ్డకు సుద్ద, జిగురు కలిపి పట్టించి, దాని మీద కథంతా బొమ్మలుగా రాస్తారు. కథలు చెప్పేవాళ్ళు ఆ పటాన్ని ఊరూరా తీసుకుపోయి, రెండు గుంజలకు కట్టి, ఒక్కో బొమ్మ మీద కర్ర పెట్టి చూపిస్తూ కథ నడుపుతారు. చివరి వరుసలో మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్న ముసలమ్మకు కూడా ఏది గుర్రమో ఏది కుక్కో తెలియాలి. చిలుక కనబడలేదంటే అమ్మవారి కబురు అన్నలకు అందదు, అన్నలు రారు, కథ అడవిలోనే ఉండిపోతుంది.

రేపు పొద్దున్నే కథవాళ్ళు వస్తున్నారు.

భూలక్ష్మి గుండెల్లో రాయి పడడానికి అదొక్కటే కారణం కాదు. ఓదెలయ్య ఇంట్లో తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. పటమంతా పూర్తయినా అమ్మవారికి కళ్ళు మాత్రం రాయరు. కథవాళ్ళు వచ్చి పటం విప్పాక, వాళ్ళ పెద్ద అటూ ఇటూ చూసి, తన మనసుకు పట్టిన బొమ్మ మీద కర్ర పెట్టి "ఇది ఎవరి చెయ్యి?" అని అడుగుతాడు. ఒక పటానికి ఒక్కసారే అడుగుతాడు. ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళే అమ్మవారికి కళ్ళు దిద్దుతారు. కళ్ళు దిద్దిన మనిషి ఆ రోజు నుంచి పటం రాసే మనిషి. దిద్దనంతవరకు, ఎన్నేళ్ళు పనిచేసినా సరే, జిగురు ఉడికించే మనిషే.

భూలక్ష్మి లంగాజాకెట్టు వయసులో ఈ ఇంటికి వచ్చింది. జిగురు ఉడికించింది, రంగులు నూరింది, అంచుల్లో పువ్వులు రాసింది, చీరల మీద చుక్కలు పెట్టింది. చుక్కల మీద ఎవరూ కర్ర పెట్టరు. ఈసారి ఓదెలయ్య ఏ కళనున్నాడో, "చిలుక నీది బిడ్డా" అన్నాడు. గీత దగ్గర్నుంచి రంగు దాకా ఒక బొమ్మ అచ్చంగా తనది కావడం ఇదే మొదలు. పైగా చిలుక. పచ్చరంగు!

పచ్చ అంటే భూలక్ష్మికి గర్వం. నీలిమందునూ, హరిదళమనే పసుపు రాయినీ తన లెక్కలో తను కలిపి నూరితే వచ్చే ఆ రంగును చూసి, వాడకట్టులో ఆడవాళ్ళు "గిసొంటి చీర దొరికితే ఎంత బాగుండు" అనుకునేవారు. ఈ ఇంట్లో తక్కిన రంగులు ఎవరైనా నూరతారు, పచ్చ మాత్రం తను నూరాల్సిందే అని ఆమె నమ్మకం. ఓదెలయ్య తాతకు కూడా అంత పచ్చ కుదరదని లోపల అనుకుంది గానీ, పైకి అనేంత తెలివితక్కువది కాదు.

అలాంటి పచ్చ ఈ పటం మీదికి వచ్చేసరికి మొండికేసింది.

మొదట మంచి నిగనిగలాడే పచ్చ వేసింది. దగ్గర్నుంచి బాగానే ఉంది. వాకిట్లోకి వెళ్ళి చూస్తే చిలుక ఉన్నచోట ఉండకుండా వణుకుతోంది. అంచుల దగ్గర ఎరుపూ పచ్చా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కళ్ళు చిమచిమలాడి తల తిప్పుకోవలసి వచ్చింది. కాసేపైనా చూడలేని చిలుక ఎవరికి కావాలి?

అప్పుడే నీళ్ళబిందెతో పోతున్న పొరుగింటి సత్తెమ్మను పిలిచి, "అక్కా, గా ఎర్రదాంట్ల ఏం కనవడుతున్నది?" అని అడిగింది.

సత్తెమ్మ బిందె సర్దుకుని కళ్ళు చికిలించింది. "మామిడాకులా? పచ్చిమిరపకాయనా?" అని, ఆమె ముఖం చూసి, "ఏదో ఒకటి మంచిగనే ఉన్నదిలే" అంటూ జారుకుంది.

భూలక్ష్మి నీలిమందు ఎక్కువేసి ముదురుపచ్చ చేసింది. చిలుక పటానికి పడ్డ చిల్లులా కనబడింది. పసుపు ఎక్కువేసింది. నిమ్మకాయకు రెక్కలొచ్చినట్టయింది. విసుగెత్తి, పచ్చ కాస్త నెమ్మదిస్తుందేమోనని, ఎరుపు చిప్పలోంచి రెండు చుక్కలు తెచ్చి అందులో కలిపింది. అంతే. అది పచ్చా కాదు, ఎరుపూ కాదు. వానాకాలం బండ్లబాట మీది బురద.

"ఈ ఎరుపు నా పచ్చను బతకనిస్తలేదు!" అని ఆ చిప్పను నేలకేసి కొట్టబోయింది. పగిలితే మళ్ళీ తనే ఊడ్చుకోవాలని గుర్తొచ్చి కింద పెట్టింది.

ఆ ఎరుపు ఐలయ్యది.

ఐలయ్య ఆమె కంటే చాలా పెద్దవాడు. ఆమె వచ్చేసరికే ఈ ఇంట్లో ఉన్నాడు. అప్పుడూ నేలకు ఎరుపే వేసేవాడు, ఇప్పుడూ అదే వేస్తున్నాడు. బొమ్మల గీతలు పడ్డాక, వాటి చుట్టూ ఉన్న ఖాళీనంతా ఇంగిలీకమనే ఎర్రరంగుతో నింపడం అతని పని. ఎక్కడా చార తేలకుండా, గీత దాటకుండా, ఒకే మందాన వేస్తాడు. ఇంకెవరు వేసినా అతుకులు తెలుస్తాయి. అందుకే ఓదెలయ్య అతన్ని ఆ పని నుంచి కదపలేదు, కదపమని అతనూ అడగలేదు. ఎంత కడిగినా అతని అరచేతులకు ఎరుపు వదలదు. పెళ్ళిళ్ళకు పోతే "మైదాకు పెట్టుకొచ్చినవా ఐలయ్యా?" అని వేళాకోళమాడతారు. నేల మీద కర్ర పెట్టి ఎవరి చెయ్యి అని అడిగిన కథవాడు ఇంతవరకు లేడు. దానికి ఐలయ్య బాధపడుతున్నట్టు కూడా కనబడడు. పనిచేస్తూ ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తుంటాడు.

ఆ రాగం వింటే భూలక్ష్మికి ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళు ఒకటే పని చేసి, ఒక్కసారీ కళ్ళు దిద్దకుండా, అంత హాయిగా ఎట్లా ఉంటాడు మనిషి? ఉప్పూ కారం తినడా?

"ఐలన్నా," అంది కోపం దిగమింగి. "నీ ఎరుపు జెర తగ్గియ్యరాదే. నా చిలుక చుట్టన్న."

ఐలయ్య రాగం ఆపాడు. చిలుకను చూశాడు, ఎరుపును చూశాడు. "ఆరిపోయింది గద చెల్లె," అన్నాడు.

"ఆరితే ఏమాయె? గీకి పలుచగ వెయ్యి."

"గీకితే సుద్ద లేస్తది."

"అయితే చిలుక చుట్టు పసుపు వెయ్యి."

ఐలయ్య ఆలోచించాడు. అతను ఆలోచించడం మొదలుపెడితే ఎదురుగా ఉన్నవాళ్ళకు జుట్టు తెల్లబడుతుంది. చివరికి, "ఆకాశంల పసుపు మచ్చ ఎందుకుంటది చెల్లె?" అన్నాడు.

"ఎర్రగ మాత్రం ఎందుకుంటది?"

ఐలయ్య మళ్ళీ రాగం అందుకున్నాడు. భూలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి విసవిసా వసారాలోకి నడిచింది.

ఓదెలయ్య నులకమంచం మీద పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. ఈయన దగ్గర విద్య నేర్చుకోవడం ఎంత కష్టమో, ఆ కష్టం శత్రువుకు కూడా వద్దు. ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. ఓదెలయ్యను అడగడం కంటే గోడను అడగడం మేలు. గోడ కనీసం పని చెప్పదు.

"తాతా! ఐలన్న ఎరుపు నా చిలుకను మింగుతున్నది."

"చెంబుల నీళ్ళు తేపో," అన్నాడు ఓదెలయ్య.

తెచ్చింది. "తాతా, చిలుక…"

"చీమ ఉన్నది. వేరే తే."

మళ్ళీ తెచ్చింది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, చెంబు ఎక్కడ పెట్టాలా అని కాసేపు చూసి, చివరికి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇగ చెప్పు. ఏంది లొల్లి?"

"ఐలన్నను నేల పని నుంచి తియ్యి తాతా. ఇంకెవరినన్న పెట్టు. లేకపోతే నేనే వేసుకుంట. ఆయన ఎరుపు పక్కన ఉన్నంతసేపు నా పచ్చ కనవడదు. రేపు కథోళ్ళు వస్తే నా బతుకేం గావాలె?"

"ఆడలేక మద్దెల ఓడన్నదట."

ఆ మాట గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది. "నా పచ్చకేం తక్కువ? ఒక్కపారి లేచి చూసి చెప్పు!"

ఓదెలయ్య మూలుగుతూ లేచాడు. నడుం పట్టుకుని పటం దాకా వచ్చాడు. అక్కడున్న చిలుక ఆమె ఆఖరుసారి ఓపిక కూడదీసుకుని వేసినది. ఉన్న పచ్చల్లోకెల్లా మేలైన పచ్చ, రెండు పూతలు. ఆయన ఒక్క క్షణం చూసి, రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు.

"అబ్బబ్బ! ఎంత మొత్తుకుంటున్నదే నీ చిలుక!"

"మొత్తుకునేది ఎరుపు," అంది భూలక్ష్మి.

ఓదెలయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఈ పిల్లతో వేగలేక ఆయనకూ తలప్రాణం తోకకొచ్చినట్టే ఉంది. "ఆ పచ్చచిప్ప ఇటియ్యి," అన్నాడు.

భూలక్ష్మి ప్రాణం లేచొచ్చింది. ఇప్పటికి కరుణించాడు. అందులో ఏదో ఒక చుక్క వేసి సరిచేస్తాడు. పరుగున తెచ్చి ఇచ్చింది. ఓదెలయ్య ఆ చిప్పను పట్టుకుని మళ్ళీ వసారాలోకి నడిచి, దాని మీద మోదుగాకు మూతపెట్టి, మంచం కిందికి తోసేశాడు. తర్వాత మంచం మీద పడుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, ఆకు మీద కావలి పెట్టాడు.

"తాతా! పొద్దుగాల నుంచి నూరిన!"

"నూరితివిలే. ఇప్పుడు పోయి దీపం బుడ్డి మీది మసి గీకు. సుద్దల కలుపు. అదే నీ చిలుకకు రంగు."

భూలక్ష్మికి తను సరిగ్గానే విన్నానా అని అనుమానం వచ్చింది. "మసి, సుద్దనా? బూడిద రంగయితది!"

"కానియ్యి."

"చిలుక బూడిద రంగుల ఉంటదా? చూసినోళ్ళు కాకి అనరా?"

"కాకి అయితే కాకే. కబురు కాకి మొయ్యదా?" అని ఓదెలయ్య గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

భూలక్ష్మి అక్కడే నిలబడింది. ఇది శిక్ష. సందేహం లేదు. ఐలన్న మీద ఫిర్యాదు చేసినందుకు శిక్ష. ఇన్నేళ్ళకు ఒక బొమ్మ చేతికిచ్చినట్టే ఇచ్చి, నోటి దగ్గరి ముద్ద లాగేసుకున్నాడు ముసలాయన. రేపు కథల పెద్ద వస్తాడు, బూడిద చిలుకను చూసి కడుపుబ్బ నవ్వుతాడు, కర్ర తీసుకుపోయి గుర్రం మీద పెడతాడు. తను మళ్ళీ జిగురు కుండ దగ్గరికి. మంచం కింద చెయ్యి పెట్టి చిప్ప లాగేద్దామా అనుకుంది. లాగలేదు. గురువు మాట దాటితే ఈ గడప దాటినట్టే.

చిలుకను మళ్ళీ తుడిచింది. మసి గీకింది. కనీసం ఆయన నిద్రయినా చెడాలని బండ మీద గరగరా నూరింది. ఓదెలయ్య గురక ఏమాత్రం తగ్గలేదు. సుద్ద కలిపి చూస్తే అనుకున్నట్టే, పొయ్యిలోంచి అప్పుడే ఎత్తిన బూడిద. ముక్కు గుడ్డకు ఆనేంత దగ్గరగా వంగి, చిలుక ఆకారాన్ని ఆ బూడిదతో నింపింది. ఎంత కోపంలో ఉన్నా గీత మాత్రం దాటలేదు, చెయ్యి అలవాటు అది. నింపాక తలెత్తి చూడను కూడా చూడలేదు. కుంచె నీళ్ళలో పడేసి, సద్దిమూట తీసుకుని పెరట్లోకి పోయింది.

రొట్టె రెండు ముక్కలు కొరికి, మిగిలింది కుక్కకు వేసి, చేతులు కడుక్కుని వస్తుంటే వీధిలోంచి సత్తెమ్మ గొంతు వినబడింది.

"పిల్లా, చిలుక మస్తుగున్నదే! గిప్పుడు ఎగిరిపోతదేమో అన్నట్టున్నది."

వెక్కిరిస్తోందనుకుంది భూలక్ష్మి. నాలుగు చీవాట్లు పెడదామని గబగబా ముందు గదిలోకి వచ్చి, గడపలోనే ఆగిపోయింది.

ఎర్రటి నేల మీద పచ్చటి చిలుక ఎగురుతోంది. నిగనిగలాడే పచ్చ కాదు. లేతగా, చల్లగా, నానబోసిన పెసల రంగు. వణకడం లేదు. పక్కనున్న ఎరుపుతో పేచీ లేదు. చూసే కొద్దీ చూడాలనిపిస్తోంది.

ముందు సంతోషం వచ్చింది. దాని వెనకే అంతకు రెండింతలు కోపం వచ్చింది. తను వేసింది బూడిద. మరి ఇది ఎవరు వేశారు? వసారాలోకి తొంగి చూసింది. ఓదెలయ్య గురక పెడుతూనే ఉన్నాడు, మంచం కింద చిప్ప మీది ఆకు కదలలేదు. ఇక ఈ ఇంట్లో మిగిలింది ఒక్కడే.

"ఐలన్నా!" అని ఒంటికాలి మీద లేచింది. "నా చిలుక మీద చెయ్యెందుకు పెట్టినవ్?"

పటం రెండో కొసన కూర్చున్న ఐలయ్య బిత్తరపోయాడు. "నేనెక్కడ పెట్టిన చెల్లె?"

"పెట్టకుంటే పచ్చగ ఎట్లయింది? నేను వేసింది మసి. రొట్టె తిని వచ్చేసరికి పచ్చ! పాపం పిల్ల ఏడుస్తున్నదని వేసినవా? రేపు పెద్దాయన దానిమీద కర్ర పెడితే, నాది అని ఏ నోటితోని చెప్పాలె నేను? నన్ను దొంగను చేస్తవా?"

"అమ్మతోడు, నేను ఇక్కడ్నుంచి లేవలేదు."

"అబద్ధమాడకు!"

ఐలయ్య రెండు చేతులూ ఎత్తి చూపించాడు. మణికట్టు దాకా ఎరుపు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, ఎక్కడా పచ్చ నలుసు లేదు. "నాకు పచ్చ కలపనే రాదు. నీకెరుకే గద," అన్నాడు. అతని ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్ళలో అతని ముఖం అలా కావడం భూలక్ష్మి ఎప్పుడూ చూడలేదు.

వసారాలో గురక ఆగింది.

"పెట్టిండు," అన్నాడు ఓదెలయ్య.

ఐలయ్య ఉలిక్కిపడ్డాడు. "నేనా?"

"నువ్వే. ఆ పిల్ల కుంచె పట్టకముందే పెట్టినవ్."

ఆ ముక్క చెప్పి మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఇద్దరూ చూశారు. గురక మొదలైంది.

భూలక్ష్మి పటం దగ్గరికి వెళ్ళి గొంతుకూర్చుంది. తన మసి చిప్ప అక్కడే ఉంది. అందులోకి చూసింది. బూడిద. చిలుకను చూసింది. పచ్చ. చిప్పలోంచి ఒక చుక్క తీసి గోటి మీద పెట్టుకుంది. బూడిదే. ఆ గోటిని చిలుక రెక్క పక్కన ఎరుపు మీద ఆనించి చూసింది. చుక్క పచ్చబడింది.

"అరె!"

రెండు అరచేతులూ దొప్పలా చేసి, చుట్టూ ఎరుపు కనబడకుండా చిలుకను మూసి, సందులోంచి తొంగి చూసింది. లోపల బూడిద చిలుక కూర్చుని ఉంది. చేతులు తీసింది. పచ్చ చిలుక ఎగిరింది. మూసింది, బూడిద. తీసింది, పచ్చ. చేతులు నొప్పి పుట్టేదాకా మూస్తూ తీస్తూనే ఉంది. ఎన్నిసార్లు చేసినా చిలుక మాట మార్చలేదు. ఇన్నేళ్ళు తను నూరిన పచ్చంతా ఒక ఎత్తు, అందులో రవ్వంత కూడా పడని ఈ పచ్చ ఒక ఎత్తు. ఆ చిలుక మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. దాన్ని తుడిచేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"ఏమైంది చెల్లె?" అన్నాడు ఐలయ్య భయం భయంగా.

"ఏం గాలేదు. నీ పని నువ్వు చూస్కో."

కాసేపటికి ఐలయ్య రాగం మళ్ళీ మొదలైంది. అదిప్పటికీ చికాకుగానే ఉంది. భూలక్ష్మి నల్లటి సన్నగీతతో రెక్కలు దిద్దింది, మెడలో తెల్లచుక్కలు పెట్టింది. ముక్కుకు ఎరుపు కావలసి వచ్చింది. "గా ఎరుపు జెర ఇటియ్యి," అంది అటు చూడకుండానే. ఐలయ్య చిప్పంతా ఆమె దగ్గరికి జరిపాడు.

తెల్లవారగానే కథవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద కొంరెల్లి. పొడుగాటి ముసలాయన, ముక్కు మీదే కోపం. ఓదెలయ్య ఇంట్లో పటం నచ్చిందని ఆయన నోట ఎవరూ వినలేదు. తీసుకుపోకుండా వెళ్ళిందీ లేదు. దూలానికి పటం కట్టి విప్పగానే సణుగుడు మొదలుపెట్టాడు. గుర్రాలు బక్కగా ఉన్నాయన్నాడు. ఏరు వంకర్లు ఎక్కువయ్యాయన్నాడు. పెద్దన్న మీసం తన మేనల్లుడి మీసంలా ఉందని, ఆ మేనల్లుడు ఎందుకూ పనికిరానివాడని చెప్పాడు. భూలక్ష్మికి ఆయన మీసం పీకాలనిపించింది.

ఆయన అలా సణుగుతూనే వాకిలి దాటి, వీధికి అవతల గోడ దాకా పోయి, అక్కణ్ణుంచి పటం వైపు తిరిగాడు. సణుగుడు ఆగింది. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా నడిచొచ్చి, కర్ర ఎత్తి, దాని కొనను చిలుక మీద ఆనించాడు.

"గంత దూరం నుంచి గిదే నన్ను పిలిచింది," అన్నాడు. "నా ఎరుకల ఇంత చల్లటి పచ్చ చూడలె. ఓదెలూ, ఈ పచ్చ ఎవరి చెయ్యి?"

ఇంట్లో అందరూ భూలక్ష్మి వైపు చూశారు. ఓదెలయ్య మాత్రం తన కాలిగోరు పరీక్షించుకుంటున్నాడు.

"నాది" అన్న మాట భూలక్ష్మి పళ్ళ దాకా వచ్చింది. రెండక్షరాలు. అంటే చాలు, అమ్మవారి కళ్ళు తనవి. అనడంలో తప్పేముంది? గీత తనది, మసి గీకింది తను, నింపింది తను. ఇందులో అబద్ధమని వేలెత్తి చూపేవాడు ఎవడు? కానీ ఈ మాయదారి ముసలాయన చిలుక ఎవరిదని అడగలేదు, పచ్చ ఎవరిదని అడిగాడు. చిలుకని అడిగితే ఏం పోయేది! ఆమెకు ఆయన మీద, ఓదెలయ్య మీద, తన మీద ఒకేసారి ఒళ్ళు మండుకొచ్చింది.

"చెప్పు పిల్లా," అన్నాడు కొంరెల్లి. "నోట్ల నాలుక లేదా?"

ఆమె తడబడుతోందనుకుని వెనక నుంచి ఐలయ్య ముందుకొచ్చాడు. ముఖమంతా నవ్వు. "మా చెల్లెది తాతా," అన్నాడు. "మా భూలక్ష్మిది."

"కాదు!" అంది భూలక్ష్మి.

ఆ అరుపుకు కొంరెల్లి కర్ర చిలుక మీది నుంచి జారింది. "మరెవరిది?"

"ఐలన్నది."

ఓదెలయ్య కాలిగోరు వదిలేసి లేచాడు. గూట్లోంచి కళ్ళు దిద్దే సన్నకుంచె తీసి, నలుపులో ముంచి, ఐలయ్య ముందుకు చాచాడు.

ఐలయ్య దాన్ని అందుకోలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, ఎర్రటి అరచేతులు రెండూ ధోవతికి తుడుచుకున్నాడు. "గట్లంటవేంది చెల్లె?" అన్నాడు. "ఆ చిలుకను నేను ముట్టనన్న ముట్టలేదు. నేను వేసింది ఎరుపే గద!"

"నేను గూడ అదే చెప్తున్న గద!" అంది భూలక్ష్మి. ఆమెకు కోపమో ఏడుపో తెలియడం లేదు. "ఎన్నిపార్లు చెప్పాలె నీకు? కుంచె పట్టు. నలుపు ఆరిపోతున్నది."